బొలెరో క్యాంపర్‌కి అలారం, రిమోట్ స్టార్ట్: తిరుపతిలో వీధి పార్కింగ్‌కి ఏది వేయించాలి?

పెళ్లివంట_క్యాంపర్ (కొర్లగుంట, తిరుపతి)
అందరికీ నమస్కారం. నాది బొలెరో క్యాంపర్, డబుల్ క్యాబిన్, ఏసీ బండి, మాన్యువల్ గేరు, బీఎస్6. పెళ్లిళ్లకి వంట కాంట్రాక్టు చేస్తాను. వంటవాళ్లు క్యాబిన్‌లో, గుండిగలూ స్టవ్వులూ వెనక బాడీలో. ఇంట్లో బండి పెట్టే జాగా లేదు, రాత్రిళ్లు వీధిలోనే. ఈమధ్య మా వీధిలో ఒక ఆటో బ్యాటరీ, ఇంకో బండి స్టెప్నీ పోయాయి. అప్పట్నుంచి ఇంట్లోవాళ్లకి ఒకటే టెన్షన్.

అలారం అడుగుదామని దుకాణానికి పోతే అలారం, రిమోట్ స్టార్ట్ కలిసిన సెట్టు చూపించారు. కల్యాణ మండపంలో కూర్చుని బటన్ నొక్కితే బయట బండి స్టార్ట్ అయి ఏసీ పడుతుందట. మే నెలలో మన ఊరి ఎండ మీకు చెప్పక్కర్లేదు, మధ్యాహ్నం రెండింటికి స్టీరింగ్ మీద చెయ్యి పెట్టలేం. అందుకే మనసు అటు లాగుతోంది. వన్ వే, టూ వే అని కూడా ఏదో అన్నారు, తేడా సరిగా చెప్పలేదు. వాడినవాళ్లు చెప్పండి.

వైరింగ్_పని (రేణిగుంట రోడ్డు)
తమ్ముడూ, సెట్టు పేరు చెప్పేముందు బండి సంగతి చూసుకో. నాలుగు తలుపుల్లో ఏది తీసినా లోపల లైటు వెలుగుతుందా, ముందు తలుపులకేనా? తాళం తిప్పినప్పుడు డ్యాష్‌బోర్డులో తాళంచెవి గుర్తు లైటు వచ్చి పోతుందా? ఈ రెండూ చూసి రాయి, సగం నిర్ణయం వాటి మీదే ఉంది.

ఇక వన్ వే, టూ వే. వన్ వే రిమోట్‌తో నువ్వు బండికి చెప్పడమే గానీ బండి నీకు ఏమీ చెప్పదు. సైరన్ మోగితే నీ చెవిన పడాల్సిందే. టూ వే రిమోట్‌కి చిన్న తెర ఉంటుంది. ఎవరైనా బండిని కుదిపినా, తలుపు తీసినా జేబులో రిమోట్ మోగుతుంది. బండి కిటికీ కిందే ఉంటే వన్ వే చాలు. నువ్వేమో మండపం లోపల, బ్యాండు మేళం మధ్య, ఎగ్జాస్ట్ ఫ్యాన్ల హోరులో ఉంటావు. నీకు టూ వేనే. డబ్బా మీద వేసిన దూరం మాత్రం ఖాళీ మైదానం లెక్క. రెండు కాంక్రీటు గోడలు అడ్డమొస్తే అందులో సగం కూడా రాదు.

ఏది కొన్నా రోలింగ్ కోడ్ ఉండాలి. అందులో నొక్కిన ప్రతిసారీ కోడ్ మారుతుంది. పాతరకం ఫిక్స్‌డ్ కోడ్ రిమోట్ అయితే ఒకసారి ఆ సిగ్నల్ పట్టుకున్నవాడు దాన్నే మళ్లీ వదిలి బండి తెరవగలడు.

టమోటా_మండీ (పలమనేరు)
అలారం సంగతి నాకు తెలీదు సామీ. మాన్యువల్ పికప్‌కి రిమోట్ స్టార్ట్ అంటే మాత్రం నేను ఒప్పుకోను. లోడు బండిని వాలులో ఆపితే మనమేం చేస్తాం? హ్యాండ్ బ్రేక్ లాగి, దాన్ని నమ్మక, గేరులో వేసి, టైరు కింద రాయి కూడా పెడతాం. అలా గేరులో ఉన్న బండికి దూరం నుంచి సెల్ఫ్ కొడితే ఏమవుతుంది? మార్కెట్‌లో ఒక బండి అలాగే ఎగిరి ముందుకు పోయి క్రేట్ల వరసలో దూరింది. మధ్యలో మనిషి లేడు కాబట్టి సరిపోయింది.

చిత్తూరు_పాతకాపు (కట్టమంచి)
పలమనేరు అబ్బాయి చెప్పింది అక్షరాలా నిజం. నలభై ఏళ్లుగా బండ్లు తిప్పుతున్నా, గేరులో వదలని డ్రైవర్‌ని నేను చూడలేదు. ఇప్పుడు రిమోట్ వచ్చిందని ఆ అలవాటు మానమంటే ఎవడు మానతాడు?

వీక్రాస్_సత్యవేడు
నేను కొంచెం అడ్డం వస్తా. నా బండి ఇసుజు వీ-క్రాస్ ఆటోమేటిక్. మా పక్క శ్రీసిటీలోనే తయారవుతుంది, అక్కడ ఇసుజు ప్లాంటు 2016లో మొదలైంది. దీనికి రిమోట్ స్టార్ట్ బయట వేయించుకున్నా, ఎండాకాలంలో హాయిగా ఉంది. గేరు పార్క్‌లో లేకపోతే సెల్ఫ్ పడదు. బానెట్ తెరిచి ఉంటే పడదు, మెకానిక్ చెయ్యి ఫ్యాన్‌లో పడకుండా అక్కడ పిన్ స్విచ్ పెడతారు. నేను ఎక్కకపోతే కొద్ది నిమిషాలకి దానంతట అదే ఆగిపోతుంది. తాళం లేకుండా ఎవరైనా ఎక్కి బ్రేకు తొక్కినా ఇంజిన్ ఆగిపోతుంది. ఏసీ నాబ్ మాత్రం దిగేటప్పుడే ఆన్‌లో వదలాలి. అది మర్చిపోతే ఇంజిన్ ఊరికే తిరుగుతుంది, చల్లదనం ఉండదు.

మాన్యువల్‌కి కూడా ఏదో పద్ధతి ఉందని విన్నా. వైరింగ్ అన్న చెప్పాలి.

వైరింగ్_పని
ఉంది. దాన్ని రిజర్వేషన్ మోడ్ అంటారు. బండి ఆపేటప్పుడు ఇంజిన్ నడుస్తుండగానే న్యూట్రల్ చేసి, హ్యాండ్ బ్రేక్ లాగి, తాళంచెవి తీస్తావు. తాళంచెవి తీసినా ఇంజిన్ ఆగదు, సిస్టమ్ పట్టుకుని ఉంటుంది. దిగి తలుపులన్నీ మూసి రిమోట్ నొక్కితే అప్పుడు ఆగుతుంది. అంటే బండి న్యూట్రల్‌లో ఉందని నువ్వు రుజువు చూపించినట్టు. గేరులో ఉంటే ఇంజిన్ అలా నడుస్తూ ఉండదు కదా. ఆ తర్వాత ఏ తలుపు తెరుచుకున్నా ఆ రుజువు రద్దు, రిమోట్ స్టార్ట్ పనిచేయదు. లోపలికి ఎవరో వెళ్లి గేరు వేసి ఉండొచ్చని దాని అనుమానం.

లెక్క బాగుంది. చిక్కంతా తలుపు స్విచ్చుల దగ్గరే. పని బండ్లలో ఆ రబ్బరు బుడిపె స్విచ్చులు మట్టి పట్టి నొక్కుకుపోతాయి. కొన్నిటికి వెనక తలుపులకి స్విచ్చే ఉండదు. నీ వంటవాడు వెనక తలుపు తీసుకుని ఎక్కి, సీట్ల మధ్యలోంచి సంచి లాగుతుంటే మోచెయ్యి గేరు రాడ్డుకి తగిలిందనుకో. సిస్టమ్‌కి తలుపు తీసిన సంగతే తెలీదు, దాని లెక్కలో బండి ఇంకా న్యూట్రల్‌లోనే ఉంది. నువ్వు మండపంలోంచి బటన్ నొక్కుతావు. అందుకే మొదటి పోస్టులోనే లైటు సంగతి అడిగా.

ఇంకో గొడవ క్లచ్ స్విచ్. క్లచ్ తొక్కితేనే సెల్ఫ్ పడే బండి అయితే, రిమోట్ స్టార్ట్ కోసం ఆ స్విచ్‌ని దాటేసి వైరు ఇవ్వాలి. కంపెనీ పెట్టిన రక్షణని మనమే తీసేయడం అది.

పెళ్లివంట_క్యాంపర్
అన్నా, ఇప్పుడే వెళ్లి చూశా. ముందు రెండు తలుపులకీ లైటు వెలుగుతోంది. వెనకవాటిలో ఎడమ వైపుది వెలగలేదు, కుడి వైపుది తలుపుని కాస్త ఊపితే వెలిగింది. తాళంచెవి గుర్తు లైటు వచ్చి పోతోంది.

వైరింగ్_పని
అయితే నీ తాళంచెవిలో చిప్ ఉంది. తాళంచెవి దూర్చే సిలిండర్ చుట్టూ ఉండే రింగు ఆ చిప్‌ని గుర్తుపడితేనే ఇంజిన్ నడుస్తుంది. రిమోట్ స్టార్ట్ పెడితే తాళంచెవి లేకుండానే బండి నడవాలి. అందుకని చవక పనివాళ్లు రెండో తాళంచెవి తీసుకుని, దాన్నో దాని చిప్‌నో ఒక డబ్బాలో పెట్టి డ్యాష్‌బోర్డు లోపల కట్టేస్తారు. డబ్బాని ఎప్పుడూ పనిచేసేలా పెట్టేస్తే బండి దృష్టిలో తాళంచెవి రోజంతా లోపలే ఉన్నట్టు. దొంగ సిలిండర్ పగలగొడితే చాలు, చిప్ వాడికి సిద్ధంగా ఉంటుంది. చిప్ తనిఖీని దాటించే మంచి బైపాస్ మాడ్యూల్ అయితే రిమోట్ నొక్కిన ఆ కాసేపే పనిచేస్తుంది, కొన్ని తాళంచెవి అవసరం లేకుండా డేటా వైరుతోనే నడుస్తాయి. మన దగ్గర తిరిగే పికప్‌లకి సరిపోయేవి దొరకడం కష్టం.

పాలసీ_మాట (చిత్తూరు)
తాళంచెవి మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. బండి పోయి క్లెయిమ్‌కి వస్తే ఇన్సూరెన్స్‌వాళ్లు ముందు అడిగేది రెండు ఒరిజినల్ తాళంచెవులు. ఒకటి డ్యాష్‌బోర్డులో కట్టి ఉంటే అది బండితోపాటే పోతుంది కదా. అప్పుడు ‘తాళంచెవి బండిలోనే వదిలారు, అజాగ్రత్త’ అంటారు. తర్వాత ఉత్తరాలు, తిరుగుళ్లు మొదలు.

డిస్కౌంట్ వస్తుందని దుకాణంలో చెప్పే ఉంటారు. అది ఏఆర్ఏఐ (బండ్లనీ వాటి పరికరాలనీ పరీక్షించే సంస్థ) ఆమోదం ఉన్న యాంటీ థెఫ్ట్ పరికరానికే, అమర్చినట్టు సర్టిఫికెట్ కూడా ఉండాలి. పాత మోటార్ టారిఫ్ ప్రకారం అది ఓన్ డ్యామేజ్ (మన బండికి జరిగే నష్టం) ప్రీమియంలో 2.5 శాతం, గరిష్ఠంగా 500 రూపాయలు ఉండేది. దాని కోసం అలారం కొనకండి.

కొత్త_డ్రైవరు (శ్రీకాళహస్తి)
బండి నడుస్తుండగా మనిషి లేకుండా వదిలితే పోలీసులు పట్టుకుంటారా?

పాలసీ_మాట
మోటారు వాహనాల చట్టం, 1988, సెక్షన్ 126 చదువుకో తమ్ముడూ. బహిరంగ స్థలంలో బండి నిలిపితే డ్రైవర్ సీట్లో లైసెన్సు ఉన్నవాడు ఉండాలి. లేదంటే ఇంజిన్ ఆపి బ్రేకు వేయడమో, బండి దానంతట అది కదలకుండా ఇంకో ఏర్పాటు చేయడమో ఉండాలి. మండపం ముందు రోడ్డు మీద బండి స్టార్ట్ చేసి లోపల సాంబారు రుచి చూస్తుంటే, ఆ బండి ఎవరికైనా తగిలిన రోజు ఈ సెక్షన్ ముందుకొస్తుంది. నీ సొంత ప్రహరీ లోపల అయితే వేరే మాట.

వీక్రాస్_సత్యవేడు
ఇది నాకూ పనికొచ్చే మాటే. నేను ఫ్యాక్టరీ పార్కింగ్‌లో, ఇంటి ఆవరణలో తప్ప వాడటం లేదు. షెడ్డు తలుపులు మూసి మాత్రం ఎవరూ స్టార్ట్ చేయకండి. పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, దానికి వాసన ఉండదు.

చిత్తూరు_పాతకాపు
ఈ రిమోట్ స్టార్ట్‌కి గిరాకీ మంచు దేశాల్లో అబ్బాయిలూ. అక్కడ అద్దం మీద మంచు కరగాలి, ఇంజిన్ వేడెక్కాలి. మన దగ్గర డీజిల్ బండికి హీటర్ ప్లగ్ లైటు కూడా రెప్పపాటులో ఆరిపోతుంది. అద్దాలు కాస్త దించి, ముందు అద్దానికి సన్‌షేడ్ పెట్టి, ఎక్కాక నాలుగు తలుపులూ ఒకసారి తెరిచి మూస్తే వేడి గాలి పోతుంది. ఖర్చు లేదు.

దొంగతనానికి నా మందు సీక్రెట్ స్విచ్, అంటే సెల్ఫ్ పడకుండా ఆపే దాచిన స్విచ్. మూడు బండ్లకీ అదే. దుకాణంవాడికి చెప్పొద్దు, డ్రైవర్‌కీ నీకూ తప్ప ఎవరికీ తెలియకూడదు.

వైరింగ్_పని
పెద్దాయనా, స్విచ్ మంచిదే, అది ఏ వైరు మీద పెట్టారన్నదే అసలు సంగతి. సెల్ఫ్ మోటార్‌కి పోయే లావు వైరు తెంపి స్విచ్ పెడితే వేడెక్కి కాలిపోతుంది. సెల్ఫ్ రిలేని ఆన్ చేసే సన్న వైరు మీద పెట్టాలి. ఇంకోటి, మాన్యువల్ డీజిల్‌ని నలుగురు తోస్తే సెల్ఫ్ లేకుండానే స్టార్ట్ అవుతుంది. చిప్ తాళం లేని పాత పంపు బండికి సెల్ఫ్ కట్ ఒక్కటే అయితే దొంగకి వాలు రోడ్డు చాలు. ఈ తమ్ముడి బండికి చిప్ తాళం ఉంది కాబట్టి తోసినా నడవదు, అది కొంత నయం.

జీపీఎస్‌వాళ్లు యాప్‌లోంచి ఇంజిన్ ఆపేయొచ్చని గొప్పగా చెప్తారు. నడుస్తున్న బండికి అది చేస్తే పవర్ స్టీరింగ్ బిగుసుకుపోతుంది. బ్రేకు బూస్టర్‌లో వాక్యూమ్ రెండు మూడు తొక్కులకి అయిపోతుంది, ఆ తర్వాత బ్రేకు సరిగా పడదు. భాకరాపేట ఘాట్‌లోనో, తిరుమల నుంచి దిగేటప్పుడో అది జరిగితే దొంగతోపాటు ఎదురొచ్చేవాళ్లు కూడా పోతారు. వేగం బాగా తగ్గాకే కట్ అయ్యేలా సెట్ చేసే ట్రాకర్ తీసుకోండి, లేదా ఆపిన బండి మళ్లీ స్టార్ట్ కాకుండా చేసే కట్ ఒక్కటే పెట్టించండి.

టమోటా_మండీ
జీపీఎస్ మాత్రం పెట్టుకో అన్నా. మా లోడ్లు చెన్నై కోయంబేడు మార్కెట్‌కి పోతాయి, బండి ఎక్కడుందో ఫోన్లో చూసుకుంటాం. చవక ట్రాకర్లు 2జీ మీద నడుస్తాయి. వాటిలో జియో సిమ్ వేస్తే పలకదు, జియోకి 2జీ లేదు. సిమ్ రీచార్జి అయిపోయిందని మర్చిపోయి, బండి పోయాక యాప్ తెరిస్తే పాత చోటే చూపిస్తుంది, అదొకటి గుర్తుంచుకో.

కొత్త_డ్రైవరు
ట్రాకర్లకి ఏఐఎస్ 140 అనే ప్రమాణం ఉందంటున్నారు, అది మనకి తప్పనిసరా?

పాలసీ_మాట
అది బస్సులు, ట్యాక్సీల్లాంటి ప్రయాణికుల బండ్ల కోసం వచ్చిన నిబంధన. ఆపదలో నొక్కే పానిక్ బటన్‌తో సహా ఉంటుంది. నీ సొంత సరుకు పికప్‌కి మామూలు ట్రాకర్ చాలు.

పెళ్లివంట_క్యాంపర్
అందరికీ థ్యాంక్స్. నా అసలు బాధ ఇంకోటి ఉంది. వెనక బాడీలో గుండిగలు, గ్యాస్ స్టవ్వులు ఉంటాయి. షాక్ సెన్సర్ వాటిని కాపాడుతుందా?

వైరింగ్_పని
కాపాడదు. షాక్ సెన్సర్ బండి బాడీకి తగిలే దెబ్బనే పట్టుకుంటుంది. పట్ట కింద నుంచి మెల్లగా గుండిగ ఎత్తుకుపోతే దానికి తెలియనే తెలియదు. తెలిసేంత సున్నితంగా పెడితే పక్కన టిప్పర్ పోయినా మోగుతుంది. గంగమ్మ జాతర రోజుల్లో పలకల మోతకి తాతయ్యగుంట చుట్టుపక్కల అలారాలు వరసగా మోగడం మీరు వినే ఉంటారు. రెండు దశల సెన్సర్ తీసుకో. చిన్న తాకిడికి రెండు కూతలు కూసి ఊరుకుంటుంది, పెద్ద దెబ్బకే పూర్తి సైరన్. సెన్సర్ మీద చిన్న స్క్రూ ఉంటుంది. బండి మామూలుగా పెట్టే చోటే, లారీలు తిరిగే టైంలో దాన్ని సరిచేయించుకో, దుకాణం ముందు కాదు. రాత్రికి రెండుసార్లు ఉత్తినే మోగితే మూడోసారి నిజంగా మోగినా వీధిలో ఒక్కరూ లేవరు.

గుండిగలకి గొలుసే దిక్కు. పిడుల్లోంచి గొలుసు దూర్చి బాడీ కొక్కేనికి తాళం వెయ్యి. స్టవ్వులు ఇంట్లోకి మోసుకో. స్టెప్నీకి కూడా గొలుసు, తాళం.

చిత్తూరు_పాతకాపు
నా సీక్రెట్ స్విచ్ సన్న వైరు మీదే ఉంది లేవయ్యా. మా తమ్ముడి బండికి మాత్రం ఒకచోట అలారం వేయించాం, పేరెందుకులే. ఎక్కడపడితే అక్కడ వైర్లు చెక్కి, మెలిపెట్టి, టేపు చుట్టారు. వర్షాకాలానికి టేపు ఊడి హెడ్‌లైట్లు వాటంతట అవే వెలగడం మొదలైంది. షోరూముకి పోతే బయట వైరింగ్ అని వారంటీ లేదన్నారు.

వైరింగ్_పని
ఆ బాధతో నా దగ్గరికి వచ్చేవాళ్లే ఎక్కువ. వేయించేటప్పుడు పక్కనే నిలబడండి. కంపెనీ వైరు తెంపకుండా కప్లర్‌కి కప్లర్ పెట్టే హార్నెస్ (రెడీమేడ్ వైర్ల సెట్టు) ఉంటే అదే మేలు. లేకపోతే జాయింటుకి సోల్డర్ పెట్టి, హీట్ ష్రింక్ గొట్టం ఎక్కించాలి. బ్యాటరీ నుంచి తీసుకునే వైరుకి ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలోనే ఉండాలి. ఫ్యూజు దూరంగా పెడితే మధ్యలో ఎక్కడ వైరు బాడీకి రాసుకున్నా మంటే.

రిమోట్ స్టార్ట్ విషయంలో డీజిల్‌కి ఇంకో తలనొప్పి ఉంది. ఇంజిన్ అందుకుందని సిస్టమ్‌కి తెలియాలి, లేకపోతే సెల్ఫ్ అలాగే కొడుతూ పోతుంది. పెట్రోల్ బండికి కాయిల్ నుంచి సిగ్నల్ తీసుకోవచ్చు, డీజిల్‌కి కాయిలే లేదు. ఆల్టర్నేటర్ నుంచో సెన్సర్ నుంచో తీసుకోవాలి. చాలామంది శ్రమపడలేక బ్యాటరీ వోల్టేజీ పెరిగితే స్టార్ట్ అయినట్టే అని పెట్టేస్తారు. బ్యాటరీ పాతబడిన రోజు ఆ లెక్క తప్పి, సెల్ఫ్ పళ్లు అరిగిపోతాయి.

కొత్త_డ్రైవరు
ఇవన్నీ పెడితే బ్యాటరీ దిగిపోదా అన్నా?

వైరింగ్_పని
మంచి ప్రశ్న. అలారం, ట్రాకర్ కలిపి 50 మిల్లీ ఆంపియర్లు తాగుతాయనుకో. రోజుకి 1.2 ఆంపియర్ అవర్, నెలకి 36. రోజూ తిరిగే బండికి ఇది లెక్కలోకే రాదు. మూఢంలో ముహూర్తాలు లేక వారాల తరబడి బండి నిలబడిపోతే మాత్రం బ్యాటరీ సగానికి పైగా ఖాళీ. అలాంటప్పుడు మధ్యమధ్యలో కాసేపు నడపాలి. సైరన్ కొనేటప్పుడు లోపల సొంత బ్యాటరీ ఉన్నది అడగండి. మామూలు సైరన్ అయితే బ్యాటరీ వైరు తీసేయగానే నోరు మూసుకుంటుంది.

పెళ్లివంట_క్యాంపర్
సరే అన్నా, రిమోట్ స్టార్ట్ వద్దు. టూ వే అలారం, రెండు దశల సెన్సర్, సొంత బ్యాటరీ ఉన్న సైరన్, బానెట్‌కి పిన్ స్విచ్, సెల్ఫ్ కట్. వేరేగా ఒక ట్రాకర్. వెనక తలుపుల స్విచ్చులు ముందు మార్పిస్తా. పాతకాపు బాబాయ్ చెప్పిన సన్‌షేడ్ ఈరోజే కొంటున్నా. ఈ సెల్ఫ్ కట్ చెడిపోతే ముహూర్తం పొద్దున బండి కదలదేమో అని ఒక్క భయం ఉంది.

వైరింగ్_పని
రిలేని నార్మల్లీ క్లోజ్డ్ పద్ధతిలో వేయమని అడుగు. అలారం బాక్సు చచ్చిపోయినా సెల్ఫ్ లైను కలిసే ఉంటుంది, బండి స్టార్ట్ అవుతుంది. అలారం ఆన్‌లో ఉన్నప్పుడే లైను తెగుతుంది. రిమోట్ సెల్ అయిపోతే ఆఫ్ చేయడానికి చిన్న బటన్ ఒకటి ఇస్తారు, అది ఎక్కడ పెట్టారో పని అయ్యేలోపు కళ్లతో చూసుకో. ఆన్ చేసి, ఆఫ్ చేసి, రిమోట్ లేకుండా ఆ బటన్‌తో ఒకసారి స్టార్ట్ చేసి చూపిస్తేనే డబ్బులివ్వు.

టమోటా_మండీ
రిమోట్ స్పేర్ సెల్ ఒకటి పర్సులో వేసుకో అన్నా. అర్ధరాత్రి పెళ్లి మండపం దగ్గర ఏ కొట్టూ తెరిచి ఉండదు.